చైర్మన్ ఇంటి బిందె

చిత్తూరుకు ఇప్పుడు మేయరు అంటున్నారు. మా ఆయన కాలంలో ఆ మాట లేదు, మున్సిపల్ చైర్మన్ అనేవారు. పేరు మారిందే గానీ ఇంటి ముందు జనం మాత్రం అంతే ఉండేవాళ్ళు. ఆయన వేయించిన రోడ్లు, కాలువల సంగతి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు తెలిసింది మా వీధి కొళాయి.

ఆ రోజుల్లో వానలు లేవు. కొళాయికి నీళ్ళు రోజు మార్చి రోజు వచ్చేవి, అదీ ఏ వేళకో తెలియదు. అందుకని తెల్లవారకముందే బిందెలు వరుసలో పెట్టేసి ఎవరిళ్ళకు వాళ్ళం పోయి పనులు చూసుకునేవాళ్ళం. బిందెను చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోయేది. నాది ఇత్తడిది, నడుము దగ్గర సొట్ట. దాని వెనకో ముందో ఎప్పుడూ ఎదురింటి వదిన బిందె ఉండేది. వదిన అంటే చుట్టం కాదు. వాళ్ళది చిల్లర అంగడి పెట్టుకున్న కుటుంబం. మేము ఐరాల పక్క పల్లె నుంచి వచ్చిన చెరుకు రైతులం. వాకిళ్ళు ఎదురెదురుగా ఉన్నందుకు వదినలమయ్యాం.

నీళ్ళు వచ్చాయంటే మా ఇద్దరికీ పోట్లాట తప్పేది కాదు.

"నా బిందె ఎనక్కి నెట్టింది ఎవురు?"

"నేనే. నువ్వు ఇంట్లో దోసెలు పోసుకుంటా ఉంటే నీళ్ళు నీకోసరం కాసుకోనుంటాయా?"

"దోసెలు యాడివి? రాత్రి మిగిలిన సంగటి ముద్ద."

"నీ పిసినారితనం తెలిసి కూడా దోసెలు అన్నాను సూడు, నాది తప్పు వొదినా."

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు, నాకు నవ్వడం అంత సులభంగా రాదు. కానీ మధ్యాహ్నం ఆమె గిన్నెతో పులగూర తెచ్చేది, నేను ఆ గిన్నెలోనే బెల్లం ముక్క వేసి పంపేదాన్ని. నాకు ఆ ఊళ్ళో పుట్టింటివాళ్ళు లేరు. నన్ను తిట్టే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే.

మా ఆయనకు బెల్లం మండీ ఉండేది. తూకం దగ్గర రైతుకూ దళారీకీ తగాదా వస్తే మధ్యలో నిలబడి తీర్చేవాడు. అట్లా నలుగురి నోళ్ళలో పడి మొదట మా వార్డుకు కౌన్సిలర్ అయ్యాడు. అంతవరకు పర్వాలేదు. ఆ తర్వాత చైర్మన్‌గా నిలబడతానన్నాడు. నేను వద్దన్నాను.

"ఉన్న మండీ సూసుకుంటే సాలదా?"

"ఒక్క తూరే గదమే. ఊరికి నీళ్ళు తెస్తే సాలు, మళ్ళా మండీలోనే కూచుంటా."

మాట మీద నిలబడే మనిషే కాబట్టి నమ్మాను. గెలిచినరోజు ఇంటినిండా దండలు. పూలు వాడిపోయాక దారాలు విప్పి ఉండ చుట్టి పెట్టుకున్నాను, చిక్కుడు పందిరికి పనికొచ్చాయి.

మర్నాడు మామూలుగానే బిందె పట్టుకుని కొళాయి దగ్గరకు వెళ్ళాను. వరుస రెండుగా చీలి దారి ఇచ్చింది. నా వెనక ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"రండమ్మా, మీరు పట్టుకోండి ముందు" అంది ఎదురింటి వదిన.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. ఆమె మొహంలో ఎగతాళి లేదు. నేను పోయి వరుస చివర పెట్టాను. కాసేపటికి వచ్చి చూస్తే నా బిందె నిండి, మూత కూడా పెట్టి, మా తిన్నె మీద ఉంది.

ఇక ఇత్తడి బిందెతోనే ఈ తంటా అని, సంతకు పోయి పచ్చ ప్లాస్టిక్ బిందె తెచ్చాను. అటువంటివి వరుసలో చాలా ఉండేవి, కలిసిపోతుందిలే అనుకున్నాను. రెండోసారికే "చైర్మనమ్మ పచ్చబిందె, దాన్ని ముందుకు జరపండి" అని పిల్లలు కూడా గుర్తుపట్టేశారు. ఆ బిందె కొనడం దండగైంది.

ఎండాకాలం వచ్చేసరికి కొళాయి కూడా ఎండిపోయి ట్యాంకర్లు తిరిగాయి. ఒకరోజు ట్యాంకర్ వీధిలోకి వచ్చి నేరుగా మా వాకిట్లో ఆగింది. డ్రైవర్ గొట్టం లాక్కుంటూ మా తొట్టి వైపు వచ్చాడు. ఎదురుగా బిందెలతో ఆడవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు, ఎవరూ నోరు మెదపడంలేదు. అదే పాతరోజులైతే వాడి గొట్టం పెరికేసి ఉండేవాళ్ళు.

"ఈడ ఎందుకు నిలబెట్టినావు?" అన్నాను.

"చైర్మన్ సారింటికి ముందు పొయ్యమన్నారమ్మా."

"సెప్పినోళ్ళకు నేను సెప్పుకుంటా. వీధి కొసకాడి నుంచి పోసుకుంటా రా. మిగిల్తే ఈడికొస్తువు."

మిగల్లేదు. సాయంత్రం ఆయన తిరుపతిలో మీటింగు ముగించుకుని దుమ్ముకొట్టుకుని వచ్చాడు. స్నానానికి చెంబెడు నీళ్ళు పెట్టాను.

"చైర్మన్ ఇంట్లో నీళ్ళు లేవంటే ఊరు నవ్వుతాది."

"నవ్వనీండి. అట్టయినా ఎవురన్నా నవ్వుతారు."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు.  మర్నాటి నుంచి మండీలో పనిచేసే కూలీ మా నీళ్ళు మోసుకొచ్చి పోసేవాడు. కొళాయి దగ్గర నాకు పని లేకుండా పోయింది.

ఇంట్లో మాత్రం మనుషులకు కొదవలేదు. పొద్దున్నే తిన్నె నిండేది. రేషన్ కార్డు కావాలని, కాలువ పొంగిందని, ఆస్పత్రిలో మంచం ఇప్పించమని వచ్చేవాళ్ళు. అందరికీ కాఫీ పోస్తే ఇల్లు గుల్లయిపోతుందని నేను మజ్జిగ పెట్టాను. మజ్జిగ చైర్మన్ అని ఆయనకు పేరు పడింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. జనంలో తిరిగీ తిరిగీ గొంతు పోయి వచ్చేవాడు, ఇంట్లో మాట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు. ఆయన కోసం తినకుండా కూర్చుంటే, యాడనో తినేసినా నువ్వు తిను, అనేవాడు. ఎవరు వచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, అంతే మా మాటలు. నలుగురి మధ్యలో ఉండి ఒక్కదాన్నే అన్నం కలుపుకోవడం అలవాటైంది.

ఆ మధ్యలోనే ఎదురింటి వదిన కూతురికి పెళ్ళి కుదిరింది. పసుపు దంచడానికి నన్ను పిలుస్తుందని రోకలి కడిగి, ఎండబెట్టి ఉంచాను. పిలవలేదు. ఒకరోజు పొద్దున వాళ్ళ ఇంట్లోంచి దంపు చప్పుడు వినబడింది. ముత్తయిదువలు పాడుతున్నారు. నేను మా తలుపు దగ్గరే నిలబడి, ఆ చప్పుడు ఆగిందాకా విన్నాను. మర్నాడు ఆమె, ఆమె మొగుడు పళ్ళెంలో పండ్లు, శుభలేఖ పెట్టుకుని వచ్చి, తిన్నె కింద చెప్పులు విడిచి, "మీరు తప్పకుండా రావాలమ్మా" అన్నారు. పెళ్ళిలో నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వడ్డనకు లేస్తే నలుగురు వచ్చి ఆపేశారు. తిన్న ఆకు కూడా నన్ను తియ్యనివ్వలేదు.

ఆయన ఊరికి నీళ్ళు తెచ్చాడా అంటే, కొంత తెచ్చాడు. బోర్లు వేయించాడు, కొత్త పైపులు పరిపించాడు. సరిపోలేదు. రెండోసారి పార్టీ వేరేవాళ్ళను నిలబెట్టింది. మండీలో కూర్చుంటానన్న మనిషి, ఆ మాట మరిచిపోయి సొంతంగా నిలబడి ఓడిపోయాడు. లెక్కింపు అయిన మర్నాడు మజ్జిగ కుండ నిండుగా అలాగే ఉండిపోయింది. ఇంత మజ్జిగ ఏం చేసేదని, మిరపకాయలు ఊరవేశాను. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని తిన్నె మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. నాకు ఆయన మీద జాలి వేసింది. కానీ మనసులో ఒక మూల, ఇంక నేను కొళాయి దగ్గరకు పోవచ్చు కదా అనే ఆశ కూడా ఉంది. ఆయనకు చెప్పే మాట కాదది.

పోయాను. ఇత్తడి బిందెతోనే పోయాను.

"ఏమ్మా, ట్యాంకర్ దోవ మర్సిపోయిందా?" అని కొసన ఒకామె అంది.

"మర్సిపోయింది. నువ్వు సూపించు" అన్నాను.

"ఇన్నాళ్ళూ మజ్జిగ తాపి మా ఓట్లన్నీ పులియబెట్టినావు" అని ఇంకొకామె. అందరూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అట్లా నాలుగైదు సార్లు పోయేసరికి ఒకామె నా బిందె వెనక్కి కూడా నెట్టింది. ఎదురింటి వదిన ఒక్కతే నెట్టలేదు. నవ్వనూ లేదు. నేను ఏ పక్క పెట్టినా, నా బిందె ముందు తన బిందె పెట్టేది కాదు.

ఒకనాడు వరుసలో ఆమె పక్కనే నిలబడి అడిగేశాను.

"అందురూ నన్ను మళ్ళా అంటా ఉండారు. నువ్వొక్కదానివే మీరు మీరు అంటావు. నీకు నేనేం చేసినాను వొదినా?"

ఆమె కొంగుతో బిందె మూతి తుడిచింది. తర్వాత మెల్లగా అంది.

"మా పెద్దోడికి పంపుహౌసులో పని ఇప్పించింది ఎవురనుకున్నారు? అన్నే గదా. గెలిసిన కొత్తల్లోనే నేను పొయ్యి అడిగినాను. పదో తరగతి తప్పినోడు, యాడా పని దొరకలా. అన్న మారు మాట అన్లేదు. అంగడిలో యాపారం పడిపోయినాక, ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి ఎలిగేది ఆ పనితోనే."

"నాకు సెప్పలేదే ఆయన."

"సెప్పుకునే మనిషా ఆయన? అయినా మీకు తెలుసనే అనుకుంటి."

"తెలిస్తే ఏమి? పని ఇప్పించింది ఆయన. పోట్లాడేది నాతో."

"రాదమ్మా" అంది. "తిట్టాలని నోరు తెరిస్తే, మా వోడు జీతం తెచ్చి చేతిలో పెట్టింది గుర్తొస్తాది. మాట రాదు."

 అడిగినవాళ్ళకు లేదనకుండా చేశాడని ఊరంతా ఆయనను మెచ్చుకుంటే నేనూ లోలోపల గర్వపడిన దాన్నే.

అంతలో కొళాయికి నీళ్ళు వచ్చాయి. మా వంతు రాగానే ఆమె నా బిందె ఎత్తి కొళాయి కింద పెట్టింది. నేను తీసి ఆమెది పెట్టాను. ఆమె మళ్ళీ తన బిందె తీసేసింది. వద్దు, ముందు నీది, అని నేను. మీరు పట్టుకోండమ్మా, అని ఆమె. నీళ్ళు రాళ్ళ మీద పడి కాలువలోకి పోతున్నాయి. చుక్క నీళ్ళు ఒలికితే వీధి పిల్లల వీపు మోగించే దాన్ని, ఆ పూట చూస్తూ నిలబడ్డాను.

"మీరిద్దురూ పట్టకపోతే జరగండి" అని వెనకామె కసిరి తన బిందె తోసింది. మేము పక్కకు జరిగాం. ఒకరి తర్వాత ఒకరు పట్టుకుపోయారు. మా ఇద్దరికీ మళ్ళీ వంతు వచ్చేలోపు కొళాయి బుసబుసమని ఆగిపోయింది. ఇద్దరం ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వాకిళ్ళ దాకా కలిసే నడిచాం. ఆమె వాళ్ళ వాకిట్లోకి తిరిగింది. నేను మా వాకిట్లోకి.

ఆయన తిన్నె మీదే ఉన్నాడు. బిందె చూశాడు.

"నీళ్ళు రాలేదా?"

"రాలేదు" అన్నాను.

ఆయన లేచి గబగబా లోపలికి పోయాడు, ఫోన్ ఎత్తాడు. నీళ్ళ ఆఫీసు వాళ్ళను కేకలు వెయ్యడం ఆయనకు అలవాటు. తానిప్పుడు చైర్మన్ కాదని గుర్తొచ్చిందేమో, ఎత్తిన ఫోన్ నంబరు తిప్పకుండానే కింద పెట్టేశాడు.

నేను వంటింట్లోకి పోయి, ముందు రోజు నీళ్ళు అడుగున కొంచెం ఉంటే వాటితోనే ఎసరు పెట్టాను.