అవతలి గట్టు లేని తెర

మా పక్కింటికి రంగులు వేస్తున్నారు. ఖమ్మంలో మేముండే సందులో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అందుకని వాళ్ల గోడకు వేసే రంగు వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా నా చాయ్ గ్లాసులోకే వచ్చి పడుతోంది. రంగులో ఎవరో కాస్త కిరసనాయిలు కూడా కలిపినట్టున్నారు. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీ వేయబోతే వద్దన్నాను. ఆ ఘాటు నాకు మణుగూరు వాసన. అక్కడి బజారులో ఒక ఫోటో స్టూడియో, దాని వెనక గదిలో నేలంతా పరిచిన పెద్ద గుడ్డ, దాని మీద మోకాళ్లూని, కొంగు నడుముకు దోపుకుని, పళ్ల మధ్య కుంచె కరిచిపట్టుకుని నవ్వే జమీలా ఆపా. కుంచె పడిపోకుండా అంత గట్టిగా నవ్వగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మాది కల్లూరు. డిగ్రీ అయిపోయాక, మా అక్కకు బాబు పుడితే సాయంగా ఉండడానికి మణుగూరు వెళ్లాను. బావ బొగ్గు గనిలో పని చేసేవాడు. బాబు నడక నేర్చాడు, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఏదో దరఖాస్తు కోసం పాస్‌పోర్ట్ ఫోటో దిగడానికి ఒక మధ్యాహ్నం ఆ స్టూడియోకు వెళ్లాను. వాళ్ల నాన్న పెట్టిన స్టూడియో అది, ఆయన పోయాక కూతురు జమీలా నడుపుతోంది. నా కంటే పదిహేనేళ్లయినా పెద్దది, అందరిలాగే నేనూ ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. ఫోటో తీసి, ప్రింటు వచ్చేదాకా కూర్చోమని చెప్పి, కౌంటరు గాజు కింద పెట్టిన ఒక పెళ్లి ఫోటో చూపించింది.

"గీ ఫోటోల నీ కన్ను ముందుగాల ఏడికి పోయింది? సోంచాయించకు, జల్దీ చెప్పు."

"పెళ్లికూతురి వెనక నిలబడ్డ ముసలామె చెయ్యి మీదికి" అన్నాను. ఆ చెయ్యి పెళ్లికూతురి భుజాన్ని ముట్టుకోబోయి ఆగిపోయినట్టుంది.

ఆపా నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "రేపట్నుంచి రా పిల్లా" అంది. నేను ఉద్యోగం అడగనే లేదు.

ఆమె దగ్గర నేర్చుకున్నదాన్ని పని అనాలో, మరేదైనా పేరు పెట్టాలో నాకు తెలియదు. ఫోటో దిగేవాళ్లను ఆపా ఎప్పుడూ నవ్వమనేది కాదు. "ఇయ్యాల ఇంట్ల ఏం కూర?" అని అడిగేది. చెప్పేలోపు వాళ్ల ముఖం వదులయ్యేది, అప్పుడు కెమెరా నొక్కేది. సినిమా పోస్టరు కొత్తది అంటించగానే నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లి, హీరో ముఖాన్ని అరచేత్తో మూసి, "ఇప్పుడు చెప్పు, ఏ రంగు నిన్ను పిలిచింది?" అనేది. ఎదుటి గాజుల దుకాణం ముందు నడుస్తూ, అడగకుండానే ఆకుపచ్చ గాజుల పక్కన మెరూన్ వరుస సర్ది వచ్చేది. దుకాణం అతను కోప్పడేవాడు, కానీ మళ్లీ మార్చేవాడు కాదు. మా అక్క ఒకసారి, "నువ్వు ఈ మధ్య పప్పు పక్కన మామిడికాయ ముక్కను కూడా చూసి చూసి పెడుతున్నావే" అంది. అది ఆపా అంటించిన జబ్బు.

స్టూడియోలో ఫోటో దిగేవాళ్ల వెనక వేలాడే తెర, వాళ్ల నాన్న కాలం నాటిది, ఒకటుండేది. మంచుకొండలు, గులాబీ తోట, మధ్యలో నీళ్లు చిమ్మే ఫౌంటెను. మణుగూరు, పినపాక చుట్టుపక్కల మనుషులు ఏళ్ల తరబడి ఆ మంచుకొండల ముందే చెమటలు కక్కుతూ ఫోటోలు దిగారు. తర్వాత అందరి చేతుల్లోకి కెమెరా ఫోన్లు వచ్చాయి. స్టూడియోకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒక సాయంత్రం ఆపా తమ్ముడు సలీం భాయ్ వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఆపా, షటర్ దించేద్దాం. సెల్ షాపోళ్లు కిరాయికి అడుగుతుండ్రు. అబ్బా ఉన్నా గిదే చేస్తుండె."

"అబ్బా ఉంటే కొత్త తెర గీస్తుండె" అంది ఆపా, గోడ మీది నాన్న తెర వైపు చూపిస్తూ. "బతుకమ్మ పండుగ దాకా ఆగు. గప్పటికీ ఎవ్వరు రాకుంటే నేనే తాళం తెచ్చి నీ చేతుల పెడ్త."

ఆమె గొంతులో నవ్వు లేకపోవడం నేను వినడం అదే మొదలు.

కొత్త తెరకు ఏం గీయాలా అని ఇద్దరం తెగ ఆలోచించాం. మంచుకొండలు ఎవరివో, మన అడవి మనది కదా అనిపించింది. జిగురు, సుద్ద కలిపి పూసిన మందపాటి గుడ్డ మీద తునికి చెట్లు, వెదురు పొదలు, వెనక కొండలు గీశాం. ఆకులన్నీ నేనే వేశాను. అంత అందమైన తెర జిల్లాలో ఎక్కడా ఉండదని నాకు గర్వంగా ఉండేది. వచ్చిన ఒకరిద్దరూ దాన్ని మెచ్చుకుని, వెళ్లి మంచుకొండల ముందు నిలబడ్డారు.

అలాంటి రోజుల్లో ఒక సంతనాడు సమ్మక్క వచ్చింది. పినపాక అవతల అడవిలోని గూడెం ఆమెది. ఇప్పపువ్వు, చీపుర్లు అమ్ముకోవడానికి సంతకు వచ్చేది. ఆపాకు పాత పరిచయం. ఏదో కార్డుకు ఫోటో కావాలంది. ఆపా ఆశగా కొత్త తెర దగ్గరికి తీసుకుపోయింది.

"చూడు సమ్మక్కా, మీ అడవే. దీని ముందు నిలబడు."

సమ్మక్క దగ్గరికి వెళ్లి ఆకుల మీద వేలు పెట్టి చూసింది. "తునికి చెట్టు మంచిగ గీసిండ్రు ఆపమ్మా."

"మరి నిలబడు."

"ఎందుకు? పొద్దున లేస్తే గివే చూస్త. గీడికొచ్చి గూడ గివే చూడాల్నా?"

నా ముఖం మాడిపోయింది. ఆపా మాత్రం పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని, "సరే గానీ, నీకు ఏం చూడాలనుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న సమ్మక్కను ఎవరూ అడిగి ఉండరు. అడిగిన మాకూ అది అంతవరకు తోచలేదు. ఆమె బుట్ట కింద పెట్టింది.

"సముద్రం" అంది. "గోదారికి ఎంత వరదొచ్చినా అవతలి గట్టు కనపడ్తది. సముద్రానికి అవతలి గట్టే ఉండదంట గద. గది ఎట్లుంటదో చూడాలె."

ఆమె వెళ్లాక ఆపా నా వైపు తిరిగింది. "నువ్వు చూసినవా సముద్రం?"

"లేదు."

"నేను గూడ చూడలే. సినిమాల్ల చూసుడే."

అందుకని సినిమాకే వెళ్లాం. ఊళ్లో ఆడుతున్న సినిమాలో సముద్రపు ఒడ్డున ఒక పాట ఉందని ఎవరో చెప్పారు. పాట మొదలవగానే ఆపా నా మోచెయ్యి పట్టుకుంది. "హీరోయిన్‌ను చూడకు, నీళ్లను చూడు! దగ్గర ఏం రంగు, దూరం ఏం రంగు?" "దగ్గర మట్టిరంగు ఆపా, తర్వాత ఆకుపచ్చ..." "మరి మొగులు తగిలేకాడ?" "ఆకాశం తగిలేచోటా? నీలం ఆపా." వెనక వరుసలో ఒకాయన, "అమ్మా, మమ్మల్ని పాట విననిస్తరా లేదా?" అని విసుక్కున్నాడు. ఆపా వెనక్కి తిరిగి, "అన్నా, మీ కండ్లు మంచిగున్నయ్ గద, అలకు అంచుల తెలుపు ఎంత మందముంది?" అని అడిగింది. ఆయన బిత్తరపోయి, తర్వాత నిజంగానే చూశాడు. "బెత్తెడు" అన్నాడు. ఆ సినిమాలో కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పాట కోసం మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లాం.

రంగులు కుదిరాయి గానీ అల అంచు కుదరలేదు. నేను ఎలా వేసినా ముగ్గు గీతలాగా వచ్చేది. ఒకరోజు స్టూడియో వెనకే ఉన్న ఆపా వాళ్ల వంటింట్లోంచి కేకలు. పరుగెత్తాను. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. గంజి నురుగు గిన్నె అంచు దాటి, గట్టు మీదికి పాకి, ఆగి, వెనక్కి జారుతూ సన్నని తెల్లటి గీత వదిలింది. "చూసినవా? గదే అల!" అని ఆపా గంతులేస్తోంది. లోపలి గది నుంచి వాళ్ల అమ్మ, "అన్నం మాడుతుంది, మూత తియ్యవే పాగల్!" అని అరుస్తోంది. ఆ రోజు మేం మాడిన అన్నమే తిన్నాం. సాయంత్రానికి అల వచ్చింది.

చివర్లో నేను చెయ్యి ఊరుకోక, నీళ్లు ఆకాశాన్ని తాకే చోట చిన్న పడవ ఒకటి, దాని పక్కన కొండలాంటి నీడ ఒకటి వేశాను. ఖాళీగా వదిలేస్తే బొమ్మ పూర్తి కానట్టు అనిపించింది. ఆపా చూసి తల అడ్డంగా ఊపింది.

"సమ్మక్క ఏమడిగింది?"

"అవతలి గట్టు ఉండొద్దంది."

"మరి నువ్వు గట్టు తెచ్చి పెట్టినవ్."

నేనే తుడిపేశాను. తుడిపాక వెనక్కి అడుగేసి చూస్తే గది గోడ ఎక్కడికో వెళ్లిపోయినట్టు అనిపించింది.

తర్వాతి సంతకు సమ్మక్క వచ్చింది. తెర ముందుకు వచ్చి ఆగింది. కెమెరా ఇటు ఉందని మరిచిపోయి, మా వైపు వీపు పెట్టి నిలబడిపోయింది. కాసేపటికి, తనకు తెలియకుండానే, తడుస్తుందన్నట్టు చీర కుచ్చిళ్లు చీలమండల పైకి ఎత్తిపట్టుకుంది. ఆపా ఆ క్షణాన్నే నొక్కింది. కార్డు ఫోటో తర్వాత తెల్లగుడ్డ ముందు తీశాం. ఆ వీపు ఫోటోను మాత్రం, సమ్మక్క ఒప్పుకున్నాక, పెద్దది చేసి దుకాణం అద్దంలో పెట్టాం.

ఆ ఫోటో చూసి జనం ఆగడం మొదలైంది. కుచ్చిళ్లు ఎత్తిన ఆ ఒక్క చెయ్యి చాలు, తెర మీది నీళ్లు తడిగా కనిపించేవి. గూడేల నుంచి జీపుల్లో వచ్చారు. గని షిఫ్టు దిగి స్నానం చేసి, కుటుంబాలతో వచ్చారు. చెప్పకుండానే అందరూ తెర ముందు చెప్పులు విడిచేవారు. కొందరు తమ ఫోన్లతోనే తీసుకుంటామంటే సలీం భాయ్ గొడవపడబోయాడు. "తీసుకోనీ, సముద్రం తరుగుతదా?" అంది ఆపా. బతుకమ్మ పండుగ వచ్చింది, వెళ్లింది. తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వారమే సలీం భాయ్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు వచ్చి, "ఒకటి తియ్యి ఆపా" అన్నాడు. ఆమె "ఇయ్యాల ఇంట్ల ఏం కూర?" అని అడిగి మరీ తీసింది.

ఆ చలికాలంలో మేం ముగ్గురం నిజం సముద్రం చూడడానికి బయల్దేరాం. భద్రాచలం నుంచి బస్సులు మారుతూ కాకినాడ చేరాం. దారంతా సమ్మక్క కిటికీ పక్కనే. ఇసుక మీదికి వెళ్లి నిలబడేసరికి మబ్బు పట్టి ఉంది. నీళ్లు బూడిదరంగులో, ఒడ్డున బురద బురదగా ఉన్నాయి. సమ్మక్క ముందుగా దూరంగా చూసింది. "అవ్, గట్టు లేదు" అని తృప్తిగా తలూపింది. ఆపా ముఖం మాత్రం దిగులుగా మారింది.

"మన రంగు తప్పింది పిల్లా. నేను గట్ల మెరిసేటట్టు గీసి అందరికీ అబద్ధం చూపించిన."

సమ్మక్క నీళ్లలో నిలబడే వెనక్కి తిరిగింది. "అబద్ధమేంది ఆపమ్మా? ఇది పనిదినం సముద్రం. నువ్వు గీసింది పండుగనాటిది. మనం మాత్రం రోజు గిట్లనే ఉంటమా?"

ఆపా ఆ మాటకు నవ్వడం మొదలుపెట్టి, చెప్పులు విసిరేసి, చీరతో సహా నీళ్లలోకి పరుగెత్తింది. మేమూ పరుగెత్తాం. ఆ రోజు తీసుకున్న ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా సంచి ఒడ్డునే ఉండిపోయింది, ముగ్గురిలో ఎవరికీ అది గుర్తు రాలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం వచ్చింది, ఖమ్మం చేరాను. ఆపా ఇంకొన్నేళ్లు స్టూడియో నడిపి, తనకు చాలనిపించినప్పుడు తానే షటర్ దించింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వీధిలో పిల్లల గాలిపటాలకు, పెళ్లిళ్ల స్టేజీలకు బొమ్మలు గీస్తోందట. ఫోను చేస్తే క్షేమం అడగదు, "ఇయ్యాల ఏం చూసినవ్?" అని అడుగుతుంది.

నేను తరగతిలో పిల్లలకు బొమ్మ పేరు చెప్పి గీయమనడం ఎప్పుడో మానేశాను. ఏం చూడాలనుందని అడుగుతాను. చాలామంది విమానాలంటారు, సినిమా హీరోలంటారు. మొన్న ఐదో తరగతిలో అనూష అనే పిల్ల (వాళ్లమ్మ రోజూ మిర్చి కోతలకు వెళ్తుంది) పెన్సిల్ కొరుక్కుంటూ, "మా అమ్మ ఊకే కూసున్నది చూడాలనుంది టీచర్" అంది. గీయమన్నాను. చీర గీసింది, జడ గీసింది, గుమ్మం గీసింది. అక్కడ ఆగిపోయి తలెత్తింది.

"పని లేకుంటే చేతులు ఏడ పెట్టుకుంటది టీచర్?"

హాజరు పట్టీ పక్కన పెట్టి, ఆ పిల్ల ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, చేతులు రెండూ ఒళ్లో వదిలేసి, అనూష గీయడం అయ్యేదాకా ఏమీ చేయకుండా కూర్చున్నాను.