కారు కింద పేపర్

మా పక్కింటి పెద్దాయన రెండు వారాల కింద సోమవారం దవాఖానలో పోయారు. అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఆయనకొక అలవాటు ఉండేది. సాయంత్రం కాగానే ఆ రోజు పేపర్‌ను కారు ముందు భాగం కింద పరిచేవారు. తెల్లారి తీసి చూసేవారు. ఆకుపచ్చ చుక్క ఉంటే రేడియేటర్ కూలెంట్ కారుతున్నట్టు, ఎర్రది ఉంటే గేర్‌బాక్స్ ఆయిల్. మోకాలు నొప్పి వల్ల క్లచ్ లేని ఆటోమేటిక్ కారు కొన్నారు. "మీ పేపరు పైన ఒకసారి, కింద ఒకసారి చదువుతానండీ," అనేవారు విలేకరినైన నాతో.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ చూడటం ఎక్కువైంది. ఆయనది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధివాళ్లెవరూ ఆయన్ని పొమ్మనలేదు. నేను రాసిన వార్తల్లోని నినాదాలు మాత్రం ఆయన రోజూ చదివేవారు. ఎల్బీనగర్ రాస్తారోకో నుంచి నేను తిరిగొస్తే గేటు దగ్గరే అడిగేవారు.

"విజయవాడ రోడ్డు తెరిచారాండీ?"

అమ్మ ఊరుకునేది కాదు. "ఏంది అన్నా, పొద్దుగాల్నే కారు కిందికి దూరినవ్? మమ్మల్ని ఇడిసిపెట్టి పోతవా?"

"ఎక్కడికి పోతాను చెల్లెమ్మా. బండి సిద్ధంగా ఉండాలి కదా."

ఒక ఉదయం నిజంగానే బయల్దేరారు. ఇల్లు కిరాయికి ఇచ్చేస్తామన్నారు. సూట్‌కేసులు డిక్కీలో పెట్టారు, ఆయన భార్య ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన పేపర్ లాగారు. రూపాయి బిళ్లంత ఎర్ర మరక. ఇంజిన్ వేడెక్కనిచ్చి, అది నడుస్తుండగానే గేర్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశారు. ఆయిల్ గీత దగ్గరే ఉంది. నేనూ చూశాను.

"సరిపోయింది కదండీ," అన్నాను.

"ఇప్పటికి సరిపోయింది. సూర్యాపేట దాటాక తగ్గితే గేర్‌బాక్సే పోద్ది."

ఇంజిన్ ఆపేశారు. ఆమె దిగి టిఫిన్ డబ్బా లోపలికి తీసుకెళ్లారు. తర్వాత మెకానిక్ వచ్చి సీలు మార్చాడు. సూట్‌కేసులు మళ్లీ డిక్కీ ఎక్కలేదు.

"చుక్క పడ్డదని ఆగిండా, ఆగనీకె చుక్క దొరికిందా?" అంది అమ్మ. నేను ఆయన్ని అడగలేదు.

రాష్ట్రం వచ్చింది. నేనూ కారు కొన్నాను. "ఎంత తొందరున్నా వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి," అన్నారు పెద్దాయన. నాగోల్ దగ్గర ట్రాఫిక్‌లో నా కారు పొగలు కక్కిన రోజు, అసహనంగా ఉన్నా పక్కకు ఆపి చల్లారేదాకా నిలబడ్డాను. చేతులు కాలకుండా ఉన్నాయంటే ఆ మాట వల్లే.

దినకర్మ అయింది. ఆయన భార్యను అదే కారులో గుంటూరు తీసుకెళ్తామని ఆమె తమ్ముడు వచ్చాడు. నిన్న సాయంత్రం అమ్మ నా చేతిలోని పేపర్ లాక్కుని వెళ్లి కారు కింద పరిచింది.

ఈ ఉదయం వాకిట్లో సూట్‌కేసులు ఉన్నాయి.

"చుక్క ఏమన్న పడ్డదా, చూడు. పడితే వదినె ఆగుతది," అంది అమ్మ మెట్ల మీద నుంచి.

వంగి చూశాను. పేపర్ పొడిగా ఉంది. లేచేసరికి అమ్మ ఇంకా మెట్ల మీదే నిలబడి నా వైపు చూస్తోంది.