లచ్చిరాం అన్న ఎంచని హౌసింగ్

పొద్దున షట్టర్ ఎత్తగానే ఒక కారు వచ్చి ఆగింది. ఇంజను ఇంకా ఆపనే లేదు, బానెట్ కింది నుంచి వేడెక్కిన పోత ఇనుము వాసన, మాడిన ఆయిలు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. తోలుకొచ్చిన యువకుడు ఆ పాత డీజిల్ కారుకు అప్పటికే చాలా మార్పులు చేయించాడు. ఇక పెద్ద టర్బో కావాలట. ఫోనులో బొమ్మ చూపించి, "గిదే సైజు హౌసింగ్ ఎయ్యన్నా, అందరు గిదే ఎయ్యించుకుంటున్నరు" అన్నాడు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టాను. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు లచ్చిరాం అన్న గుర్తుకొస్తాడు. ఆయన చొక్కాకూ, తలకూ, చివరికి ఆయన తాగే చాయ్ గ్లాసుకూ ఇదే వాసన ఉండేది. ఆయన పోయి నాలుగేళ్లయింది. జనగామలో ఆయన పెట్టిన షెడ్డును ఇప్పుడు నేను నడుపుతున్నాను. రోజుకు ఒక్కరైనా వచ్చి ఇదే అడుగుతారు, నువ్వు రోజూ పోయే దారి చూడనిదే ఎంచనని నేనూ అదే జవాబు చెబుతాను. చెప్పీ చెప్పీ విసుగు పుట్టింది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. టర్బో అంటే ఇంజను వదిలే పొగతోనే తిరిగే చక్రం. అది తిరిగితే ఇంజనులోకి గాలి ఎక్కువ పోతుంది, బండికి బలం వస్తుంది. ఆ చక్రం చుట్టూ నత్తగుల్లలాగా ఉండే ఇనుప డొల్లను హౌసింగ్ అంటాం. దాని గొంతు సన్నగా ఉంటే పొగ జోరుగా తగిలి, బండి మెల్లగా పోతున్నప్పుడే చక్రం అందుకుంటుంది, కాని వేగం పెరిగిన కొద్దీ ఇంజనుకు ఊపిరాడదు. గొంతు వెడల్పుగా ఉంటే పెద్ద వేగంలో బండి దూసుకుపోతుంది, కాని మెల్లగా పోతూ ఒక్కసారిగా తొక్కితే పలకదు. కాసేపు ఆగి, అప్పుడు లేస్తుంది. ఏ బండికి ఏ గొంతు అన్నదే మా పనిలో అసలు కష్టం. మిగతాదంతా బోల్టులు విప్పడం, బిగించడం.

లచ్చిరాం అన్నది నెల్లికుదురు దగ్గర లంబాడా తండా. భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు షెడ్డులో పదిహేనేళ్లు బొగ్గు డంపర్ల టర్బోలు బాగుచేశాడు. దుమ్ముకు ఛాతీ పట్టేస్తోందని అది వదిలి జనగామ వచ్చాడు. నాది దేవరుప్పుల. మాకు భూమి ఉంది, మా నాయినకు ఊళ్లో మాట చెల్లుతుంది. నేను డిప్లొమా చదివి, హైదరాబాద్‌లో ఒక షోరూములో ఆరేళ్లు కాగితాలు రాసి రాసి అలసిపోయి, ముప్పయ్యేళ్లకు తిరిగొచ్చాను. లచ్చిరాం అన్న దగ్గర పని నేర్చుకుంటానంటే మా నాయిన, "ఇంత భూమి వెట్టుకోని తండాయన కాడ పనికి పోతవా?" అని నెల రోజులు మాట్లాడలేదు. లచ్చిరాం అన్న మాత్రం నన్ను పటేలా అని పిలిచేవాడు. భూములున్న పెద్దిళ్లవాళ్లను అలా పిలుస్తారు కాబట్టి మొదట్లో అది మర్యాద అనుకున్నాను, తర్వాత ఎగతాళి అనుకున్నాను. కొన్నాళ్లకు అది నా పేరైపోయింది.

మొదటి రోజు చేతికి పానా ఇస్తాడనుకుంటే, "ఎనక సీట్ల కూసో పటేలా" అన్నాడు. ఆ కారు ఒక పశువుల డాక్టరుది. ఆయనా పెద్ద హౌసింగే అడిగాడు. లచ్చిరాం అన్న ఎడమ సీట్లో కూర్చుని, కాళ్ల మధ్య రెండు ఖాళీ చాయ్ గ్లాసులు ఇరికించుకుని, జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి కళ్లు మూసుకున్నాడు. "డాక్టర్ సాబ్, నువ్వు రోజు పోయే తొవ్వలనే పోనియ్యి. నేను లేననుకో" అన్నాడు. డాక్టరు బండి మెల్లగా పోతూ గట్టిగా తొక్కినప్పుడల్లా ఒక గ్లాసులో గింజ పడేది. జోరు మీద ఉన్నప్పుడు తొక్కితే రెండో గ్లాసులో పడేది. దేవరుప్పుల దాకా, మధ్యలో నాలుగు ఊళ్లు తిరిగి వచ్చేసరికి ఒక గ్లాసు సగానికి నిండింది. రెండో దాంట్లో రెండే గింజలు. ఆ రెండు గ్లాసులూ డాక్టరు ముందు పెట్టి, "గీ రెండు గింజల కోసం గవన్ని పాడు జేసుకుంటవా సార్?" అని అడిగాడు. డాక్టరు నవ్వి చిన్నదే వేయమన్నాడు.

కళ్లు ఎందుకు మూసుకుంటావని అడిగాను. "కండ్లు దెరిస్తె తొవ్వ కనవడ్తది. తొవ్వ కనవడితె మనమే తోల్తున్నట్టు అనిపిస్తది. తోలేది ఆయన గద" అన్నాడు. ఎవరి బండి అయినా వాళ్లు రోజూ తిరిగే దారిలో, రోజూ మోసే బరువుతో చూడనిదే హౌసింగ్ ఎంచేవాడు కాదు. ఒకసారి ఒక్క కారు కోసం భూపాలపల్లి దాకా పోయి రోజంతా గడిపి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. "ఒక్క బండికి దినమంత పోతే ఎట్లన్నా?" అన్నాను. చాయ్ ఊదుకుంటూ, "డంపర్లకు గీ తిప్పల లేకుండె. పొద్దంత ఒక్కతీరు బరువు, ఒక్కతీరు ఎక్కుడు. గుంతల నుంచి మీదికి, మీదికెంచి గుంతలకు. లెక్క సక్కగుండె. మనుషుల బండ్లకు గా లెక్క కుదరది" అన్నాడు. నేను తలూపాను. గ్లాసులూ గింజలూ ఎలా వాడాలో అప్పటికే నాకు వచ్చు కాబట్టి పని వచ్చేసిందనుకున్నాను.

ఆ ఏడు శ్రావణంలో వాళ్ల తండాలో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు చేసే పండుగ అది. ఆయన బిడ్డ మొదటిసారి బుట్ట పట్టింది. ఆయన వెళ్లిన మూడో రోజు నరేష్ వచ్చాడు. మానుకోటలో వాళ్ల నాయినకు విత్తనాల దుకాణం. నరేష్‌ది భూపాలపల్లి కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగం. సోమవారం పొద్దున పోయి శనివారం తిరిగొచ్చేవాడు. ఇంజనుకు ఏవేవో చేయించాడు, ఇక పెద్ద హౌసింగ్ కావాలన్నాడు. లచ్చిరాం అన్నకు ఫోన్ చేస్తే డప్పుల చప్పుడు మధ్య, "అర్జెంటైతె చెయ్యి పటేలా, నీకొచ్చు గద" అన్నాడు.

అన్నీ ఆయన చేసినట్టే చేశాను. గ్లాసులు పెట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. కాని ఆ రోజు వాన. మానుకోట నుంచి భూపాలపల్లికి నరేష్‌తో పోయి రావాలంటే రోజంతా పడుతుంది. అందుకని జనగామ నుంచి హైదరాబాద్ వైపు నాలుగు వరుసల రోడ్డు మీద ఆలేరు దాకా పోయి తిరిగొచ్చాం. ఆ రోడ్డు మీద ఎవడైనా జోరుగానే తోలుతాడు. రెండు గ్లాసుల్లో గింజలు సమానంగా పడ్డాయి. నువ్వు రోజూ పోయే దారి ఇదేనా అని నేను అడగలేదు. కాదని నాకు తెలుసు. బద్ధకించాను, అంతే. పైగా పెద్ద హౌసింగ్‌తో ఆ బండి ఎలా లేస్తుందో చూడాలని నాకూ ఉబలాటంగా ఉంది. సాయంత్రానికి బిగించేశాను. మర్నాడు నరేష్ ఫోన్ చేసి, "బండి రాకెట్ అయిందన్నా" అన్నాడు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

లచ్చిరాం అన్న తిరిగొచ్చాక గొప్పగా చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు. "యే తొవ్వల పోయిన్రు?" నేను చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఫోన్ జెయ్యి. వాపస్ రమ్మను" అన్నాడు. నరేష్ నవ్వి, దసరా తర్వాత వస్తానన్నాడు. లచ్చిరాం అన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "నేనే వచ్చి మారుస్త బిడ్డా. అందాక జర బొగ్గు లారీల ఎనక తొందరపడకు" అని బతిమాలాడు. ఆయన అలా బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు.

రెండు వారాలు తిరగలేదు. భూపాలపల్లి ఇంకా పది కిలోమీటర్లుందనగా నరేష్ బొగ్గు లారీ వెనక మెల్లగా పోతున్నాడు. ఎదురుగా ఏమీ లేదని పక్కకు తీసి తొక్కాడు. బండి పలకలేదు. లారీ పక్కనే ఉండిపోయాడు. ఎదురుగా ఆటో వస్తుంటే భయపడి ఎడమకు తిప్పాడు. బలం సరిగ్గా అప్పుడొచ్చింది. బండి లారీ ముందు నుంచి దూసుకుపోయి రోడ్డు దిగి గుంతలో పడింది. నరేష్ కుడికాలు రెండుచోట్ల విరిగింది. పోలీసులు అతివేగమని రాసుకున్నారు. అసలు తప్పు హౌసింగ్ ఎంచడంలో జరిగిందని లచ్చిరాం అన్నకూ నాకూ తెలుసు.

మానుకోట దవాఖానకు ఇద్దరం పోయాం. నరేష్ మంచం పక్కన వాళ్ల నాయిన నిలబడి ఉన్నాడు. తొక్కితే బండి పలకలేదని కొడుకు అప్పటికే ఆయనకు చెప్పాడు. "ఎవడు ఎంచిండు గా సామాను?" అని అడిగాడు. నా చేతిలో పండ్ల సంచి ఉంది. దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. లచ్చిరాం అన్న ముందుకు జరిగి, "నేనే సేటు. గీయన నన్ను ఫోన్ల అడిగిండు, నేనే పెద్దది ఎయ్యిమన్న. తరువాత తప్పని తెలిసింది, అందుకే వాపస్ రమ్మన్న" అన్నాడు. వాళ్ల నాయిన ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు. "తండాల ఎడ్లబండి గూడ లేదు, నువ్వు కార్లకు డాక్టరువైనవా?" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. చుట్టుపక్కల మంచాల వాళ్లందరూ విన్నారు. లచ్చిరాం అన్న తలవంచుకుని నిలబడ్డాడు. నేను ఆ సంచి పట్టుకుని అలాగే ఉన్నాను. సిగ్గు అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, తెలిసినా ఎంచింది నేనని చెప్పలేదు.

బస్సులో అడిగాను, ఎందుకలా చెప్పావని. "నీ పేరు చెప్తె గా సేటు మీ నాయిన దాక పోతడు. మీ నాయిన నిన్ను షెడ్డుల ఉండనిస్తడా?" అన్నాడు. "నిన్ను అన్ని మాటలన్నడు గదన్నా" అన్నాను. "నన్ను అనుడు కొత్తనా?" అని కిటికీలోంచి బయటకు చూశాడు. కొంత దూరం పోయాక, "ఎప్పుడన్న చెప్పాలనిపిస్తె చెప్పు పటేలా. నేను చెప్పుమన్ననని మాత్రం చెప్పకు" అన్నాడు.

వచ్చే వారం చెబుదామనుకున్నాను. తర్వాత, కాలు నయమయ్యాక అనుకున్నాను. ఈలోగా మాట పాకింది. మానుకోట వైపు బండ్లు రావడం ఆగిపోయింది. చూడకుండా ఎంచాడని ఆయన గురించి అనుకునేవాళ్లు, ఆయన గురించి, చూడనిదే చెయ్యి పెట్టని ఆ మనిషి గురించి. ఆయన ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. ఒక్కమాట అన్నా నాకు తేలికయ్యేది. రెండేళ్లకు ఛాతీ జబ్బు ముదిరి పోయాడు. తండాలో ఆయన్ని సాగనంపిన రోజు నరేష్ కుంటుకుంటూ వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. అప్పుడూ చెప్పలేదు.

పోయిన ఏడు చలికాలంలో మానుకోట పోయాను. కాలు సహకరించక ఉద్యోగం వదిలేసి, నరేష్ ఇప్పుడు వాళ్ల నాయినతో దుకాణంలోనే కూర్చుంటున్నాడు. ఇద్దరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. దారి నేను చూడలేదు, హౌసింగ్ నేను ఎంచాను, దవాఖానలో ఆయన అబద్ధం చెప్పాడు, నేను ఊరుకున్నాను. నరేష్ నా మొహం చూసి, "నాకు అనుమానముండె అన్నా. అడగ బుద్ధి కాలే" అన్నాడు. వాళ్ల నాయిన మక్క విత్తనాల సంచులు లెక్కపెడుతూ తల ఎత్తకుండానే, "ఎవరైతేంది. నీకు నేర్పింది ఆయనే గద" అన్నాడు.

"ఆయన సక్కగనే నేర్పిండు సేటు. నేనే చెయ్యలే" అన్నాను. ఆయన వినలేదనిపించి మళ్లీ అన్నాను. సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి, అప్పుడే వచ్చిన రైతు వైపు తిరిగాడు. నరేష్ మెట్ల దాకా వచ్చి, "బాపు గంతే అన్నా, మనసుల వెట్టుకోకు" అన్నాడు.

పెట్టుకోకుండా ఎలా ఉంటాను. ఆ రోజు మంచం పక్కన ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఎన్ని మాటలు చెప్పినా ఆయన మీది మచ్చ పోవడం లేదు. అయినా చెబుతున్నాను. షెడ్డుకు ఎవరొచ్చినా, ఈ పొద్దున వచ్చిన యువకుడికైనా సరే, బండికి పానా తగిలించకముందే, నరేష్ బండికి హౌసింగ్ ఎంచింది లచ్చిరాం అన్న కాదు, నేను అని చెబుతాను. కొందరు అది విని, బండి తిప్పుకుని వేరే షెడ్డుకు పోతారు. నేను ఆపను.