ఆషాఢంలో ఇరీడియం ప్లగ్గులు

సాలూరు దాటాక ఒరిస్సా వైపు ఎక్కే ఘాటు రోడ్డు మీద, ఒక టీ బడ్డీ ముందు, అరడజను మంది లారీ డ్రైవర్ల సమక్షంలో నా పరువు ఎలా పోయిందో ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు అక్కడ ఎవరూ ఆపుకోలేదు. మీరొక్కరు మొహమాటపడితే నాకు ఒరిగేదేమీ లేదు.

ముందు నా చదువు సంగతి. బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో, ఆ విషయంలో మా ఇంట్లో రెండు అభిప్రాయాలుండేవి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నా సొంతం. పకోడీ పొట్లం కాగితం దగ్గర్నుంచి కోర్టు నోటీసు దాకా చేతికి దొరికిందల్లా చదివాను. విజయనగరంలో చాలా ఏళ్లు పిండిమర నడిపాను. ఆ ఇంజను నేనే విప్పేవాణ్ణి, నేనే బిగించేవాణ్ణి. అయితే అది డీజిల్ ఇంజను. డీజిల్ ఇంజనుకు, పెట్రోలును నిప్పురవ్వతో అంటించే స్పార్కు ప్లగ్గులుండవు. అంచేత స్పార్కు ప్లగ్గుల విషయంలో నా పరిజ్ఞానం పరమ స్వచ్ఛమైనది. అనుభవమనే మురికి దాన్ని ఎక్కడా అంటలేదు.

మర అమ్మేశాక సెకండ్ హ్యాండులో ఒక పెట్రోలు కారు కొన్నాను. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. కొన్నేళ్ల కిందట, వానలు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, ఆ కొండల అవతల చుట్టాలింట్లో శుభకార్యానికి మా ఆవిడ పైడమ్మనీ, మరో ఇద్దరు పెద్దవాళ్లనీ ఎక్కించుకుని బయల్దేరాను. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపులో బండికి ఉబ్బసం వచ్చింది. మూడో మలుపులో, వంకాయల గంప దించలేని ముసలమ్మలా రోడ్డు మధ్య నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక లారీ వచ్చి ఆగింది. స్టీరింగు వెనక మా బావమరిది సింహాచలం. సాలూరు మనిషి. వాడికి సొంత లారీలున్నాయి, డ్రైవర్లున్నారు, అయినా స్టీరింగు తానే పట్టుకుంటేగాని తిన్నది అరగదు. తల బయటపెట్టి నన్నూ నా బండినీ ఒకే చూపుతో చూశాడు.

“ఏటి బావా, ఆయాసమా? ఇద్దరికీనా, బండికొక్కదానికేనా? అక్కా, నువ్వు లారీ ఎక్కీ. బావ ఎనకాల నడిసొస్తాడు.”

పైడమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. పట్టుచీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, కోటలోకి ప్రవేశించే మహారాణిలా లారీ క్యాబిన్ ఎక్కింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే. నేను ఇంజను చల్లారేదాకా రాయి మీద కూర్చుని, మొదటి గేరులో మూలుగుతూ వెళ్లేసరికి భోజనాల రెండో బంతి నడుస్తోంది. సింహాచలం వడ్డిస్తూ, విస్తరికొక ముక్క చొప్పున నా కథ కూడా వడ్డిస్తున్నాడు.

ఆ అవమానంతో నేను పరిశోధనలో దిగాను. ఫోనులో వీడియోలు చూశాను. టోపీ పెట్టుకున్న ఒకాయన, వెనక డప్పులు మోగుతుండగా, మామూలు ప్లగ్గులు తీసేసి ఇరీడియం అనే ఖరీదైన లోహపు మొన ఉన్న ప్లగ్గులు బయట కొని వేస్తే గాడిద గుర్రమవుతుందని ప్రమాణం చేశాడు. కంపెనీవాళ్ల కుట్ర నాకు ఆ క్షణంలో అర్థమైపోయింది. చవక ప్లగ్గులు పెట్టి మన బళ్ల పౌరుషాన్ని చంపేస్తున్నారన్నమాట. మంగలికి చెప్పాను. పాలవాడికి చెప్పాను. ఆటోలో వెళ్తూ ఆటోవాడికి చెబితే, దిగాల్సిన చోటు కంటే ముందే దింపేశాడు.

సింహాచలం మా ఇంటికొచ్చినప్పుడు వాడికీ చెప్పాను. మామూలు ప్లగ్గు మొన మొద్దుగా ఉంటుందనీ, ఇరీడియం మొన సూదిలా ఉంటుందనీ, నిప్పురవ్వ సూదిమొన మీద పుడితే దాని తీరే వేరనీ వేళ్లతో గాలిలో బొమ్మ గీసి మరీ చూపించాను. వాడు కాఫీ చల్లార్చుకుంటూ మొత్తం విన్నాడు.

“అగ్గిపుల్ల బంగారందైతే ఏటి, సెక్కదైతే ఏటి బావా? పొయ్యి అంటుకున్నాక అన్నం ఒకేనాగ ఉడుకుతాది. అంటుకోపోతే కదా పుల్ల మార్సాలి.”

వంటింటి పోలికలతో విజ్ఞానాన్ని ఓడించలేవన్నాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

“సరే. నువ్వు సెప్తన్న ఆ ప్లగ్గులేసుకోని, ఆటి బలంతో ఘాటీ ఎక్కీ. మొదటి గేరు ముట్టుకోకూడదు. ఎక్కితే నేనీ జన్మలో బళ్ల గురించి నోరెత్తను. ఎక్కకపోతే నువ్వెత్తకూడదు.”

మీకిది చిన్న పందెంలా కనిపించొచ్చు. ఆలోచించండి. మా చుట్టాల్లో ఒకడికి ఉద్యోగముంది, ఒకడికి కొబ్బరితోట ఉంది, సింహాచలానికి లారీలున్నాయి. పెళ్లి పందిట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నప్పుడు నాకున్న ఆస్తి ఒక్కటే, అభిప్రాయం. అందులో సగం బళ్ల మీదే. అది పోతే నేను పందిట్లో తాటాకుతో సమానం. అయినా సరేనన్నాను. ఒట్టు వేయించింది పైడమ్మే, తమ్ముడి చేతిలో నా చెయ్యి పెట్టి.

ప్లగ్గులు కొరియర్లో వచ్చాయి, ముక్కుపుడక పెట్టెలాంటి పెట్టెలో. పైడమ్మ వాటిని చూసి, క్యాలెండరు చూసి, నన్ను చూసింది.

“ఆషాఢమండీ. శూన్యమాసంలో కొత్త సామాను ఎక్కించకూడదు. శ్రావణం రానీండి.”

ఇరీడియం అనే లోహం పంచాంగం చదవదని ఆమెకు అరగంట బోధించాను. ఆమె మరి మాట్లాడలేదు. మా ఆవిడ మాట్లాడకపోతే నేను గెలిచాననుకోవడం నాకు పెళ్లినాటి నుంచీ ఉన్న జబ్బు.

మర్నాడు ఊరిచివర గౌరీసు మెకానిక్ షెడ్డులో బండి పెట్టాను. పెట్టె వాడి చేతిలో పెట్టి, పసిబిడ్డను అప్పగించినట్టు జాగ్రత్తలు చెప్పి, భోజనానికి ఇంటికొచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి బండి సిద్ధంగా ఉంది. ఎలా ఉందిరా అని అడిగితే గౌరీసు నేలచూపులు చూస్తూ, “బాగుంటాది బాబూ,” అన్నాడు. నేనది వినయమనుకున్నాను.

బండి తాళం తిప్పాను. అబ్బ, ఏం చెప్పను. యాక్సిలరేటరు మీద కాలు పెట్టాలనుకునేలోపే బండి కదిలింది. ఇంజను శబ్దం వీణ శ్రుతి చేసినట్టుంది. ఏసీ చల్లదనం పెరిగింది. హారను గొంతులో గాంభీర్యం వచ్చింది. మీరు నమ్మరు, నా మోకాలి నొప్పి కూడా తగ్గింది. ఎదురైన ప్రతివాడినీ ఎక్కించుకుని, “తేడా తెలుస్తోందా?” అని అడిగాను. దింపితే చాలన్నట్టు అందరూ తెలుస్తోందన్నారు. ఇంతకంటే శాస్త్రీయమైన పరీక్ష ఏముంటుంది?

ఆదివారం పందేనికి బయల్దేరాం. నా పక్కన సాక్షిగా సింహాచలం, వెనక పైడమ్మ, ఆమె ఒళ్లో ఎప్పుడూ ఉండే చేతిసంచి. కొండల మీద సన్నగా తుప్పర పడుతోంది. నన్ను పరాభవించిన ఆ మూడో మలుపు వచ్చింది. రెండో గేరులో, ఏసీ ఆపకుండా, వెన్నలో కత్తి దిగినట్టు ఎక్కించాను. ఆ పైన ప్రతి మలుపుకీ ఇరీడియం గుణగణాలు ఒక్కొక్కటి వర్ణించాను. సింహాచలం కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. వాడి మీసాలు అంత దిగులుగా వేలాడటం నేనెప్పుడూ చూడలేదు.

పైన టీ బడ్డీ దగ్గర ఆపాను. అక్కడున్న డ్రైవర్లంతా వాడికి తెలిసినవాళ్లే. వాళ్ల ముందే వాడు చెయ్యి చాపాడు.

“ఒప్పుకున్నాను బావా. ఒట్టు ఒట్టే. ఇంక నేనీ ఇసయం మాటాడను.”

కథ అక్కడ ఆగి ఉంటే ఈపాటికి నా విగ్రహం ఆ బడ్డీ పక్కన ఉండేది. టీ తాగి దిగి రావచ్చు కదా. ఉహుఁ. గెలిచినవాడికి గెలుపు చాలదు, ఓడినవాడి చేత ముక్కు నేలకు రాయించాలి. ఊరికే ఒప్పుకుంటే కుదరదు, ఆ మహాత్మ్యాన్ని కళ్లారా చూడాల్సిందేనన్నాను. బానెట్టు ఎత్తాను. డ్రైవర్లందరూ చుట్టూ మూగారు. ఇంజను చల్లారేదాకా నేను ఉపన్యసించాను. ఆ తర్వాత ఒకాయన పానా తెచ్చి ఒక ప్లగ్గు విప్పి, గుడ్డతో పట్టుకుని సింహాచలం అరచేతిలో పెట్టాడు.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. నల్లగా, తుప్పు పట్టి, నాకంటే వయసులో పెద్దదానిలా ఉందది.

“బావా, ఇరీడియం అంటే ఇలాగుంటాదేటి?”

రెండోది విప్పించాను. దాని అన్నగారు. మూడోది, నాలుగోది కూడా ఆ కుటుంబమే. ఆ గౌరీసుగాడు నా ప్లగ్గులు కాజేశాడనీ, కిందికి దిగగానే వాడి షెడ్డు పీకిస్తాననీ కేకలు మొదలుపెట్టాను. అప్పుడు కారు వెనక సీట్లోంచి నింపాదిగా ఒక గొంతు వినిపించింది.

“ఆడ్నేటీ అనకండి. నేనే వద్దన్నాను.”

పైడమ్మ దిగి, చేతిసంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసి, బానెట్టు అంచు మీద విప్పింది. లోపల నా నాలుగు ఇరీడియం ప్లగ్గులు. ఒంటినిండా పసుపు, నెత్తిన కుంకుమ బొట్టు, పక్కన రెండు మందారపూలు. పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

“మంచి మాట సెప్తే మీరెప్పుడిన్నారు? మీరు భోంసేసి తొంగున్నప్పుడు షెడ్డుకెల్లి, పాతవే తుడిసి పెట్టీమన్నాను. ఇయ్యి అమ్మవారి కాడెట్టినాను. శ్రావణంలో ఎక్కిద్దుమని.”

“మరి కొండెలా ఎక్కిందే?” అన్నాను.

“గాలి డబ్బాలో ఎలక గూడెట్టిందంట. ఇంజనుకి ఊపిరాడక సస్తన్నాదంట. నా పాత సీర కొంగు, గుప్పెడు సెనక్కాయ తొక్కలు దొరికినాయి. గౌరీసు తీసి పారేసినాడు.”

కొండను తవ్వి ఎలుకను పట్టడం పెద్దలు చెప్పిన సామెత. ఎలుకను పట్టి కొండనెక్కింది ప్రపంచంలో నేనొక్కడినే.

ఆ తర్వాత అక్కడ జరిగిన తీర్పు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే నాకు పడదు. బండి ఎక్కింది కాబట్టి పందెం నాదేనన్నాను. ప్లగ్గుల బలంతో ఎక్కడం కదా పందెం, ప్లగ్గులు సంచిలో కూర్చుని ఎక్కితే ఎలా చెల్లుతుందని డ్రైవర్లలో పెద్దాయన అడిగాడు. పైడమ్మను సాక్ష్యం అడిగితే, ఒట్టు వేయించింది తానే గనక అబద్ధమాడలేనంది. ముప్ఫై ఏళ్లకు పైగా నా ఉప్పు తిన్న మనిషి. కాదు, నేనే ఆమె ఉప్పు తిన్నాను, అది వేరే సంగతి.

సింహాచలం మీసాలు మళ్లీ పైకి లేచాయి.

“ఆలు నేదు సూలు నేదు అంటారు గానీ మా బావని సూడండి. ప్లగ్గు నేదు గిగ్గు నేదు, పికప్పు పేరు ఇరీడియం.”

బడ్డీవాడు నవ్వు ఆపుకోలేక పాలగిన్నె పొంగించేశాడు.

దిగేటప్పుడు బండి నేనే నడిపాను. కొంతసేపటికి పైడమ్మ వెనకనుంచి, “మాటాడండి. బళ్ల గురించి కాపోతే మాటాడొచ్చు కదా,” అంది. ఎంత వెతికినా నాకు ఇంకో విషయం దొరకలేదు. చివరికి వాన బాగా పడుతోందన్నాను. పడుతోందని ఇద్దరూ మర్యాదగా ఒప్పుకున్నారు.

అప్పటి నుంచీ ఏ పందిట్లో ఎవరు కారు సంగతి ఎత్తినా సింహాచలం నావైపు చూస్తాడు, నేను లడ్డూ నోట్లో పెట్టుకుంటాను. డాక్టరు నాకు షుగరుందన్నాడు. కారణం ఆ డాక్టరుకు చెప్పలేదు. అయితే ఒట్టు నోరెత్తకూడదనే గాని, కలమెత్తకూడదని కాదు. పైడమ్మను అడిగే రాస్తున్నాను.

కాబట్టి మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ మీద ఆన. ఇకమీదట నేను ఏ బండిలో ఏ సామాను మార్చినా, అది నిజంగా మారిందో లేదో బానెట్టెత్తి చూసుకోకుండా దాని గొప్పతనం పొగడను. గెలిచాక మాత్రం చచ్చినా బానెట్టెత్తను.

ఆ ప్లగ్గులు ఏమయ్యాయంటారా? శ్రావణ శుక్రవారం నాడు పసుపు తుడిచి, గౌరీసు చేత దగ్గరుండి పెట్టించాను. కొబ్బరికాయ కొట్టి తాళం తిప్పాను. పక్కన సింహాచలం, వెనక పైడమ్మ, కిటికీ దగ్గర గౌరీసు, ముగ్గురూ ఒకేసారి అడిగారు, తేడా ఏమైనా తెలుస్తోందా అని.

ఒట్టు ఉంది కదా. బతికిపోయాను.