పొట్టి బేసుకు కొత్త పికప్

పోయినేడు గుడ్ ఫ్రైడే నాడు మా వికారాబాద్ చర్చిలో అందరూ తలలు వంచుకుని మౌనంగా నిలబడి ఉంటే, నా బేస్ గిటారు ఒక్కటే నోరు తెరిచింది. పాత ఫ్రిజ్ లాగా బుర్రుమని ఒకటే మోత. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో ఒక్కో మాటకూ ఒక ప్రసంగం, ఒక పాట, పాట అయ్యాక నిలబడే కాసేపు మౌనం ఉంటాయి. ఆ మౌనం కోసమే వచ్చేవాళ్లు చాలామంది. ఆ రోజు వాళ్లంతా కళ్లు తెరిచి నన్నే చూశారు.

మా క్వయర్ మాస్టరు మా పెద్దబాపే, అంటే నాన్నకు అన్న. నాకు సంగీతం నేర్పింది కూడా ఆయనే. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఆపి చెప్పాడు. "వచ్చే గుడ్ ఫ్రైడేకు మల్ల గా బుర్రు ఇనబడ్డదంటే, గిటారు ఇంట్ల వెట్టి వచ్చి ముంగట బెంచీల కూసో బిడ్డా. కింది స్వరాలకు కీబోర్డు ఎడమ చెయ్యి ఉన్నది, అది సాలు."

ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మెల్లగా చెప్పాడు. అందుకే భయమేసింది.

వేదిక మీద ఆ చోటు నేను అంత తేలిగ్గా వదులుకునేది కాదు. ఎడమ మణికట్టు విరిగి అతికాక పెద్ద బేస్ మెడ మీద వేళ్లు చాచలేకపోయాను. డాక్టరు ఇంక మానేయమన్నాడు. మానలేదు, పొట్టి బేస్ కొనుక్కున్నాను. దాని మెడ చిన్నది, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. చర్చిలో కొందరు దాన్ని బొమ్మ గిటారని ఎగతాళి చేసేవాళ్లు. బొమ్మో, నిజమో, మళ్లీ వాయిస్తున్నానన్నదే నాకు కావాలి.

మోత పికప్‌దే అనుకున్నాం అందరం. తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, అదీ పికప్ అంటే. పైన గిటారు తీగ కదిలితే ఆ కదలికను కరెంటు చేసి స్పీకరుకు పంపుతుంది. మామూలు ఆదివారాల్లో కూడా నా పాత పికప్ సన్నగా మూలుగుతూనే ఉండేది. అందుకని రెండు కొత్తవి తెప్పించాను. ఒకటి ఒంటి చుట్టది. రెండోది జంట చుట్టలది, ఒక చుట్టలో పుట్టిన మోతను రెండోది కొట్టేస్తుందట. ఈ ఏడు గుడ్ ఫ్రైడే దగ్గర పడుతోందనగా గిటారు సంచి భుజాన వేసుకుని తాండూరు రైలెక్కాను.

తాండూరులో నా బీఎడ్ స్నేహితురాలుంది. వాళ్లకు బండలు కోసి పాలిష్ చేసే యూనిట్ ఉంది. ఆఫీసు పని చూసుకుంటూనే ఆదివారం అక్కడి చర్చిలో గిటారు వాయిస్తుంది, తన గిటారు మరమ్మతు తనే చేసుకుంటుంది. కోత మిషన్లు తిరుగుతుంటే ఆ లైను మీద కరెంటు ఎంత పాడుగా ఉంటుందో చెప్పలేం. అక్కడ మోత రాని పికప్‌కు ఇంకెక్కడా రాదని తన లెక్క. నాకూ బాగానే తోచింది.

షెడ్డులో ఒక మూల కూర్చున్నాం. నేల మీదంతా పాలిష్ నీళ్లూ, బండ పొడీ కలిసిన తెల్లటి బురద. అక్కడ ఎవరూ చెప్పులు విడవరు, మేమూ విడవలేదు. తను ముందు ఒంటి చుట్ట పికప్‌ను అతికించింది. నేను తెలిసిన పాట ఒకటి వాయించాను. తరవాత అది తీసి జంటది పెట్టి, అదే పాట మళ్లీ వాయించమంది. గిటారు చూస్తే మనసు ఒక వైపు పోతుందని తను గోడ వైపు తిరిగి కూర్చుని విన్నది.

పొట్టి బేసులో తీగలు కాస్త వదులుగా ఉంటాయి. కింది స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని ముద్దవుతాయి. ఒంటి చుట్టతో ప్రతి స్వరమూ విడివిడిగా, అంచుతో సహా వినిపించింది. మణికట్టు విరగకముందు నా పెద్ద బేస్ అలా పలికేది. తను అడక్కుండానే ఆ పాట ఇంకోసారి వాయించాను. కానీ చెయ్యి తీయగానే మూలిగింది. జంట చుట్టలది మాత్రం చెయ్యి ఉన్నా లేకున్నా గప్‌చుప్. స్వరాలే మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"మొదటిది మాట్లాడుతున్నది. రెండోది నోట్ల అన్నం వెట్టుకొని మాట్లాడుతున్నది," అంది తను గోడకే.

ఆ మాట నిజమని నాకూ తెలుసు. అయినా రెండోదే ఉంచమన్నాను. చెవి ఒకటి చెప్పింది, భయం ఇంకొకటి చెప్పింది, నేను భయం మాట విన్నాను. వికారాబాద్ తిరిగి వచ్చేదాకా రైల్లో నా మీద నాకే చిరాకు. రెంటిలో మూలిగేది పక్కన పెట్టి, మూలగనిది వేయించానని పెద్దబాపుకు చెప్పాను.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మా చర్చిలో బలిపీఠం మీద గుడ్డ తీసేస్తారు, పువ్వులు పెట్టరు, వేదిక మీది కార్పెట్ చుట్టేసి నేల కడుగుతారు. చెప్పులు ఎప్పుడూ గుమ్మం బయటే. తడి ఆరని బండ మీద వట్టి కాళ్లతో, నా పాత టేకు కుర్చీ ముందు నిలబడి వాయించాను. మొదటి పాట అయింది. తీగలు మోగకుండా అరచేయి వాటి మీద ఆనించాను. మౌనం మొదలైంది.

బుర్రుమంది.

పెద్దబాపు తల ఎత్తలేదు కానీ ఆయన భుజాలు బిగుసుకోవడం కనిపించింది. గబుక్కున గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. మోత తగ్గలేదు. వాల్యూమ్ తగ్గిస్తే పికప్ నోరు మూసుకోవాలి. అయినా మోగుతోందంటే ఇది పికప్ గోల కాదు. అరచేయి ఎత్తాను, ఆగిపోయింది. ఆనించాను, మళ్లీ వచ్చింది, దాంతోపాటే వేళ్ల కొసల్లో చీమలు కుట్టినట్టు చురుకు. అప్పుడు నా కాళ్ల వైపు చూసుకున్నాను. కింద తడి బండ, మామూలు ఆదివారాల్లో అయితే కార్పెట్ ఉంటుంది. తాండూరులో నా కాళ్లకు చెప్పులున్నాయి.

రెండో పాటకు చురుకు మోచేతి దాకా వచ్చింది. భయమేసింది. నా ప్రాణం మీది భయం కంటే, ఆ చోటు పోతుందన్న భయమే ఎక్కువగా ఉంది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. మూడో మాట ప్రసంగానికి అందరితోపాటు కూర్చున్నప్పుడు, కాళ్లు రెండూ ఎత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నాను. తీగల మీద చెయ్యి వేసి చూశాను. చురుకు లేదు, మోతా లేదు.

పాట మొదలైంది. చర్చి అంతా లేచింది. నేను లేవలేదు.

పెద్దబాపు చెయ్యి గాల్లోనే ఆగింది. వేలు పైకి ఆడించాడు, లెమ్మని. నేను తల అడ్డంగా ఊపాను. గుడ్ ఫ్రైడే పాటకు కూర్చుని వాయించినవాళ్లు ఆ వేదిక మీద ఇంతవరకు లేరు. అదీ కాళ్లు పైకి పెట్టుకుని, అరుగు మీద కూర్చున్న చిన్నపిల్లలా. ఆయన ముఖం నల్లబడింది. నోరు తెరిచి చెప్పే వీలు లేదు. ముందు బెంచీల్లో ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. ఏడో మాట దాకా నేను అలాగే కూర్చున్నాను. మౌనాలన్నీ మౌనంగానే గడిచాయి, పెద్దబాపు మాత్రం ఇంక నా వైపు చూడనే లేదు.

జనం వెళ్లిపోయాక వచ్చాడు. నేను ఇంకా కాళ్లు దించలేదు.

"సిలువ పాటకు కూసుంటవా? గంత బలుపా?"

"పెద్దబాపూ, ఒక్కసారి తీగె మీద వేలు పెట్టు. ఊకె తాకు, పట్టుకోకు."

నన్ను ఎగాదిగా చూసి, వంగి ఒక వేలు ఆనించాడు. ఆయనవీ వట్టి కాళ్లే. చెయ్యి చటుక్కున లాక్కున్నాడు. వేలు చూసుకున్నాడు, తడి బండ చూశాడు, ఆంప్లిఫయరు వైరు వెంట గోడ దాకా చూశాడు. బోర్డుకు రెండే రంధ్రాలున్నాయని ప్లగ్గుకు ఎర్తు కోసం ఉండే మూడో పిన్ను విరగ్గొట్టించింది ఆయనే.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"మొదటి పాట సంది."

వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచాడు. అంతే, అయిపోయిందనుకున్నాను. గిటారు సంచి దగ్గరికి లాక్కున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అడుగుల చప్పుడు మళ్లీ దగ్గరికి వచ్చింది. తల ఎత్తితే, వేదిక మెట్లు ఎక్కి వస్తున్నాడు. చేతిలో నా రబ్బరు చెప్పులు. జీవితంలో ఎవరి చెప్పులూ ముట్టని మనిషి, వంగి వాటిని నా కుర్చీ ముందు జతగా పెట్టాడు.

"ముందుగాల ఇవి తొడుక్కో. తొడుక్కోక దాన్ని ముట్టకు."

తొడుక్కుని లేచి నిలబడ్డాను. ఆ బండ మీద చెప్పులతో నిలబడటం నాకు అదే మొదలు. తీగలు చురుక్కుమనలేదు. ఆయన ప్లగ్గు పీకి, వైరు చుట్టి చంకలో పెట్టుకున్నాడు, కొత్త పిన్ను వేయించి తెస్తాననీ, గోడకు మూడు రంధ్రాల బోర్డు పెట్టిస్తాననీ అన్నాడు. వెళ్లబోయి ఆగాడు.

"గా పికప్పు మంచిగ లేదు బిడ్డా. ముద్దగ మోగుతున్నది. ఇంకోటి ఉన్నదంటివి గద, జర మూల్గినా సరే, ఈస్టర్‌కు అది పెట్కొని రా."