పోపుల పెట్టె కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్పాలంటే కంప్యూటర్ ఉండి తీరాలన్న పట్టింపు మా ఆయనకు లేదు. మిర్యాలగూడలో మేము కిరాయికుండే ఇంటి ముందరి గదిలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేవాడు. తొంభైలు మొదలయ్యాక పిల్లలు "సార్, కంప్యూటర్ గూడ చెప్పుండ్రి" అని వెంటపడ్డారు. ఆయన హైదరాబాద్ పోయి నెల రోజులుండి నేర్చుకొచ్చాడు. ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు, కంప్యూటర్ మాత్రం తేలేదు. సూర్యాపేటలో ఒకచోట చల్లటి గదిలో అసలైన కంప్యూటరే ఉందనీ, చెప్పులు విప్పి లోపలికి పోవాలనీ చెప్పుకునేవాళ్లు. మాకు ఆ తాహతు ఎక్కడిది? అందుకని ఆయన నన్ను పెట్టాడు. అవును, ఆ ట్యూషన్‌లో కంప్యూటర్‌ను నేనే! (నవ్వకండి. నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు ఇప్పటికే నవ్వుతోంది.)

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చదువు రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని, గింజలు లెక్కపెట్టడం మాత్రం బాగా వచ్చు. "గదే మంచిది," అన్నాడు మా ఆయన. "కంప్యూటర్‌కు సొంత తెలివి ఉండొద్దు. చెప్పింది చెయ్యాలె, చెప్పనిది చెయ్యొద్దు. గంతే." "అంటే కోడలి లెక్కనే అన్నట్టు," అన్నాను. ఆయన నవ్వలేదు (ఆయనకు నవ్వు లెక్కలు తప్పినప్పుడే వచ్చేది). నా పోపుల పెట్టెలో ఉన్న సరుకంతా సీసాల్లో పోయించి, పక్కన ఒక గిన్నెడు చింతగింజలు పెట్టించాడు. పిల్లలు నల్లబోర్డు మీద పది, ఇరవై, ముప్పై అని నంబర్లు వేసి, ఒక్కో నంబరు పక్కన ఒక్కో పని రాసేవాళ్లు. ఒకరు పైకి చదివితే నేను చేసేదాన్ని. ఖాళీ అయినా గిన్నెలకు పాత పేర్లే. ఆవాల గిన్నెలో ఒక చింతగింజ వెయ్యమంటే వెయ్యడం, ఇరవయ్యో లైనుకు పొమ్మంటే పోవడం. ఒకసారి ఒకడు తప్పు రాశాడు. పాపమనిపించి నేనే సర్ది సరైన జవాబు చెప్పేశాను. మా ఆయన మొహం చూడాలి అప్పుడు! "నువ్వు గిట్ల జాలి పడితే వాడు జన్మల నేర్చుకోడు," అని అందరి ముందే కేకలేశాడు.

ట్యూషన్‌లో ఒక్కతే ఆడపిల్ల ఉండేది. రైసుమిల్లు సేటు బిడ్డ, రెండు జడలు వేసుకునేది. బోర్డు దగ్గరికి పిలిస్తే నడవదు, ఉరుకుతుంది. ఒక పొద్దున ఆ పిల్ల వెనకాలే సేటు కూడా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఏంది సారూ, కంప్యూటర్ నేర్పుతున్నరంటే పంపిన. మా పిల్ల చింతగింజలు ఆడుతున్నదట గదా! మిల్లుల హమాలీలు గూడ నవ్వుతున్రు. ఇయ్యాల్టి నుంచి బంద్. ఇంట్ల ఉంటది," అన్నాడు. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. "నాయినా, ఒక్కసారి సూసి పోరాదే," అంది సన్నగా. సేటు ఏమనుకున్నాడో, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "సరే. ఒకటి నుంచి ఐదు దాక కూడుండ్రి. నా బిడ్డ రాయాలె, గీ చెల్లె చెయ్యాలె. మీరు మాత్రం నోరు తెరవొద్దు సారూ. సరిగొస్తే ఉంటది. లేకుంటే గిప్పుడే సంచి సదురుకోని నాతోని వస్తది."

పిల్ల బోర్డు మీద చకచకా రాసింది. పదో లైను: రెండు గిన్నెలూ ఖాళీ చెయ్యి. ఇరవై: ఆవాల గిన్నెలో ఒక గింజ వెయ్యి. ముప్పై: ఆవాల గిన్నెలో ఎన్ని ఉన్నాయో అన్ని కొత్త గింజలు జీలకర్ర గిన్నెలో వెయ్యి. నలభై: ఇరవయ్యో లైనుకు పో. తనే చదవడం మొదలుపెట్టింది, నేను వేస్తూ పోయాను. ఆవాల గిన్నెలో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. జీలకర్ర గిన్నెలో సరిగ్గా పదిహేను! అక్కడ ఆగాలి. కానీ ఆగమని ఎక్కడుంది? కంగారులో ఆ లైనే రాయలేదు పిల్ల! నేను "పదిహేను" అని ఆగిపోతే అయిపోయేది, సేటుకు ఏం తెలుస్తుంది? మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, మెడ నరాలు మాత్రం బిగుసుకున్నాయి.  ఆరో గింజ తీశాను.

ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు. జీలకర్ర గిన్నె నిండి గింజలు కింద రాలుతున్నాయి. పిల్లలు బెంచీల మీదికెక్కి చూస్తున్నారు. "ఏంది సారూ, మీ కంప్యూటర్‌కు పిచ్చి లేసిందా? ఆగు చెల్లె!" అన్నాడు సేటు. "ఆగమని బోర్డు మీద లేదన్నా," అన్నాను, ఇంకో గింజ వేస్తూ. అప్పుడు అర్థమైంది పిల్లకు. ఉరికి సుద్దముక్క అందుకుని ముప్పైకీ నలభైకీ మధ్యన ఇరికించింది: ముప్పై ఐదు, ఆవాల గిన్నెలో సరిగ్గా ఐదు ఉంటే జీలకర్ర గిన్నె మొత్తం చెప్పి ఆగు. హమ్మయ్య అనుకున్నాను. గిన్నె చూస్తే అందులో తొమ్మిది! సరిగ్గా ఐదు లేవు కాబట్టి నేను ఆగలేదు. పది వేశాను. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలో బెంచీ ధడాలున వెనక్కి పడింది. సేటు లేచి నిలబడ్డాడు. "అరే, ఐదు ఎప్పుడో దాటిపాయె గదనే! ఇగ ఐదు ఏడ దొరుకుతది? మొదటికెళ్లి షురూ చెయ్యమను, బిడ్డా! పదో లైనుకు పోనియ్యి!" అని అరిచాడు. పిల్ల ఏడుస్తూ నవ్వుతూ మళ్లీ పదో లైను చదివింది. గిన్నెలు దులిపి మొదటి నుంచి వేశాను. ఐదో గింజ పడింది. "పదిహేను," అని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

సేటు కాసేపు బోర్డు చూశాడు, నన్ను చూశాడు. "ఆడ ఐదు తీసి పది పెడితే?" అన్నాడు. పిల్ల పది పెట్టింది. తరవాత ఇరవై పెట్టమన్నాడు. గింజలు చాలకపోతే పక్కింటికి పంపి తెప్పించాడు. మధ్యాహ్నం దాకా మిల్లు మాటే ఎత్తలేదు. పోతూ పోతూ బిడ్డ చేతిలో సంచి చూసి, "గా సంచి ఈడనే ఉండనీ, రేపు మళ్ల మోసుడెందుకు?" అన్నాడు. అంతే, పిల్ల బోర్డు ముందు గిరగిరా తిరిగింది.

మా ఆయన పోయి చాలా కాలమైంది. ఆ పొద్దున చెయ్యి వణకకుండా ఎట్లా వేశావని ఆయన ఎన్నోసార్లు అడిగాడు, నేనూ గర్వంగా తల ఎగరేసేదాన్ని. ఇప్పుడు చెబితే తప్పులేదు. వణికింది. ఆ ఆరో గింజ జారి నేల మీద పడింది. ఎవరూ చూడకముందే చీర కుచ్చిళ్ల కింద దాచి, ఇంకొకటి తీసి వేశాను.