నన్నడగకుండా ఖాయం చేసిన ఆపరేషన్

తమిళనాడు కోవిల్‌పట్టిలో మేమున్న సందులో నా గర్భసంచి గురించి అభిప్రాయం లేని మనిషి లేదు. పాలవాడి పెళ్ళానికి ఉంది, ఎదురింటి ముసలమ్మకి ఉంది, వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ప్రతి ఆడమనిషికీ ఉంది. నీకేం కావాలే అని నన్ను అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

తొంభైల్లో మా ఆయనకి అక్కడి నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్ పని దొరికితే ఒంగోలు దగ్గర్నుంచి కాపురం ఎత్తుకుని పోయాం. దేశం కాని దేశం పోతున్నావే అని మా అమ్మ ఏడ్చింది. నిజమే. బోర్డు చదవలేను, బస్సు ఏ ఊరిదో తెలీదు, కొట్లో ఉప్పు కావాలంటే వేలు పెట్టి చూపించాలి. ఇంటిదగ్గర నోటికి హద్దులేదని పేరు తెచ్చుకున్న దాన్ని, అక్కడికి పోయి మూగదాన్నయ్యాను. ఒక్కటే అదృష్టం, మేం అద్దెకి దిగిన ఇల్లు తెలుగు మాట్లాడే వాళ్ళది. ఇంటి ఓనరమ్మ నలభై దాటిన మనిషి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు చట్రాల్లో పేర్చే పని. ఆ ఊళ్ళో దాన్ని ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆపీసు అంటారు. నేనామెని అక్కా అని పిలిచేదాన్ని. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు, తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేరు. అక్క యేసయ్యకి ప్రార్థన అరవంలో చేసేది, కోడిని తోలేటప్పుడు తిట్లు మాత్రం తెలుగులో తిట్టేది.

నాకు పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. అది చాలదన్నట్టు నెలలో సగం రోజులు రక్తం పోవడం మొదలైంది. లేస్తే కళ్ళు తిరిగేవి. విరుదునగర్‌లో ఒక లేడీ డాక్టర్ మంచిదని మిల్లులో ఎవరో చెబితే పోయాం. ఆమె గదిలోకి మగవాళ్ళని రానివ్వరు, బయట బెంచీ మీద కూర్చోవాలి. నాకు అరవం రాదు, నా ఇంగ్లీషు పదో తరగతితోనే ఆగిపోయింది. అందుకని అక్క ఆపీసుకి సెలవు పెట్టి నాతో లోపలికి వచ్చింది. గర్భసంచిలో గడ్డ ఉందని స్కానింగులో తేలింది.

"అక్కా, గడ్డ మాత్రం తీసి సంచి ఉంచమని చెప్పు. నాకు పిల్లలు కావాలి. మరిచిపోకుండా చెప్పు" అన్నాను.

"చెప్తా అమ్మాడీ. నాకు తెలీదా?" అంది.

ఆమె, డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఇద్దరూ నా మొహం కేసి చూశారు, పొట్ట కేసి చూశారు. అక్క ఒకసారి బయటికి పోయి మా ఆయనతో ఏదో మాట్లాడి వచ్చింది. తర్వాత నాకు అందిన ముక్క ఇదీ: "నీ ఒంట్లో రత్తం లేదంట. రత్తం ఎక్కినాకనే ఆపరేసనంట. నువ్వు బయపడొద్దు."

అంతసేపు మాట్లాడింది ఇంతేనా అని అడిగాను. డాక్టర్లు చెప్పిందే చెప్తారులే అంది.

ఇక రక్తం ఎక్కించుకునే సంబరం మొదలైంది. పొద్దున మునగాకు, మధ్యాహ్నం మునగాకు, మాత్రలు, టానిక్కు, ఖర్జూరాలు. ఊళ్ళో వేరుశనగ చిక్కీకి పెద్ద పేరు, బెల్లం రక్తానికి మంచిదని మా ఆయన పొట్లాలు పొట్లాలు తెచ్చేవాడు. దాన్ని కొరికి కొరికి నా దవడలు పీకేవి. వెనకింటామె పొద్దున్నే మేక రక్తం వేపుడు గిన్నెలో పెట్టుకొచ్చి, తినేదాకా కదిలేది కాదు. కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక, వచ్చినప్పుడు ఊరు ఊరంతా కొట్టుకు చచ్చేది. నన్ను బిందె ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. నా వంతు నీళ్ళు వాళ్ళే మోసిపెట్టేవాళ్ళు. మంచివాళ్ళు కారని నేననను. కానీ బిందె దించగానే మొదలుపెట్టేవాళ్ళు.

"తీసేసుకో తాయీ. నాకు తీసి పదేండ్లాయె. నెలనెలా ఆ బాద లేదు, ఆపీసుకి లీవు పెట్టే పని లేదు."

ఆ ఆపీసుల్లో ఎన్ని చట్రాలు నింపితే అంత కూలి. మరుగుదొడ్డి లేదు, ఒంట్లో బాగాలేదంటే మేస్త్రీ మొహం మాడ్చుకుంటాడు. నెలకి మూడు రోజులు కూలి పోతుందని, నడుం నొప్పని, తెల్లబట్టని, దేనికి పోయినా ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి వైద్యం ఒక్కటే, సంచి తీసెయ్యడం. కొంగు పక్కకి తప్పించి కుట్ల మచ్చ చూపించేవాళ్ళు, కొత్త గాజులు చూపించినట్టు. ముప్ఫై నిండని వాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో. నాకు ఒళ్ళు మండిపోయేది. బాగుచెయ్యాల్సింది ఆ ఆపీసుల్ని కదా, వీళ్ళ కడుపుల్ని కోయడమేమిటి?

ఒకామె ఇంకో అడుగు ముందుకేసింది. "ఆరేండ్లుగా రానిది ఇంకెప్పుడొస్తాది?" అంది.

నీ నోట మన్ను పడ, అన్నాను తెలుగులోనే. ఆమెకి బాగా అర్థమైంది. వారం దాకా నా వాకిట్లోకి రాలేదు. హాయిగా ఉండింది.

పని చెయ్యొద్దంటే అరుగు మీద కూర్చోక ఏం చేస్తాను? కూర్చుని వచ్చేపోయే వాళ్ళ మాటలు వింటూ ఉంటే అరవం చెవికెక్కింది. కూరల బండివాడితో బేరమాడే దాకా వచ్చాను. గుమ్మడికాయ ముక్క కావాలా, ముళుసా కావాలా అని అడిగేవాడు. ముళుసా అంటే మొత్తం. ఇవన్నీ నాకు వస్తున్నాయని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ చెప్పలేదు.

రక్తం సరిపడా పెరిగిందన్నాక ఆపరేషన్ రోజు పెట్టుకోవడానికి మళ్ళీ విరుదునగర్ పోయాం. మా ఆయన బెంచీ మీద, నేనూ అక్కా లోపల. డాక్టరమ్మ కాగితాలు చూసి, అక్క వైపు తిరిగి, ముందు అనుకున్నట్టేనా అని అడిగింది. అరవంలోనే, కానీ నాకు అర్థమైంది. అక్క తల ఊపి, "ముళుసా ఎడుత్తిరుంగమ్మా" అంది. మొత్తం తీసెయ్యండమ్మా అని.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "కట్టి మట్టుం! పై ఎడుక్కాదీంగ!" అని అరిచాను. గడ్డ మాత్రమే, సంచి తీయొద్దు. ఆ అరవం తప్పో ఒప్పో నాకు తెలీదు, గొంతు మాత్రం బెంచీల దాకా వినపడింది.

డాక్టరమ్మ నా వైపు చూసిందా? లేదు. అక్క వైపు చూసింది. తర్వాత నర్సుని పంపి మా ఆయన్ని పిలిపించింది, ఎన్నడూ మగవాణ్ణి రానివ్వని గదిలోకి. ఏమిటి సార్ ఇది అని అతన్ని అడిగింది. అతను నేల చూస్తూ, "ముందే చెప్పాం కదా డాక్టర్" అన్నాడు.

చెప్పాం!

"ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?" అన్నాను.

"మొదటిసారి వచ్చిన రోజే. గడ్డ ఒక్కటే తీస్తే మళ్ళీ రావచ్చన్నారట. రక్తం ఎక్కువ పోవచ్చన్నారట. నీకేమన్నా అయితే నేనేం కావాలి? పిల్లల్లేకపోతే లేకపోయారు. అందుకే మొత్తం తీసెయ్యమని నేనే అక్కతో చెప్పించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గొడవ చేస్తావని."

"చేస్తాను! ఎందుకు చెయ్యను? కోసేది నీ కడుపా? మునగాకు తినేటప్పుడు నేను కావాలి, మాత్రలు మింగేటప్పుడు నేను కావాలి, మాట చెప్పేటప్పుడు మాత్రం నేను అక్కర్లేదా?"

తలుపు సందులోంచి బయట కూర్చున్న ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. అప్పటికి డాక్టరమ్మ నా వైపు తిరిగింది. గడ్డ మళ్ళీ రావచ్చు, అపాయం కొంత ఉంది, పిల్లలు పుడతారని మాట ఇవ్వలేను అని మెల్లమెల్లగా, నాకు అందేలా చెప్పింది. సరి అన్నాను. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తిరుగు బస్సులో మా ఆయన ముందు నిలబడ్డాడు, నేనూ అక్కా వెనక సీట్లో. బస్సు సాత్తూరు దాటింది.

"కోపమా అమ్మాడీ?" అంది అక్క.

"నాకు నోరు లేదని నిన్ను తీసుకుపోయాను అక్కా. నన్నడక్కుండా ఎట్లా చెప్పావు?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "దీన్ని పోయి ఎవురన్నా అడుగుతారా? నేను కడుపు నొప్పనే పోతిని. కుట్లు విప్పినాక మా అత్త చెప్పె, సంచి కూడా తీసేసినారని. నన్ను ఎవురడిగిరి?"

"నీకు కోపం రాలేదా?"

"ఎవురి మీద వొచ్చేది? నెల కాంగానే ఆపీసుకి పోతిని."

ఆ మాటకి ఆమె మీద జాలి పడి ఉండాల్సింది. పడలేదు. ఆమెని అడగని వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది, అంతే.

ఆపరేషన్ రోజు నర్సుకి చెప్పాను, మత్తు ఇచ్చే ఆయనకి చెప్పాను, బల్ల తోసే ఆయాకి కూడా చెప్పాను, గడ్డ మట్టుకే అని. వాళ్ళు నవ్వుకున్నారు. మెలకువ వచ్చేసరికి అక్క పక్కన ఉంది. "ఉండాది అమ్మాడీ, నీది నీకాడనే ఉండాది" అంది. నేను నమ్మలేదు. డాక్టరమ్మ వచ్చేదాకా కళ్ళు మూయకుండా పడుకుని, ఆమెనే అడిగాను. ఉంది అని తల ఊపింది.

మా ఆయన ఇంటికి తెచ్చాక రసం కాచాడు, అన్నం కలిపి పెట్టాడు, బట్టలు ఉతికాడు. తిన్నాను గానీ చాలా రోజులు మాట్లాడలేదు. ప్రేమతోనే చేశానని అతను ఇప్పటికీ అంటాడు. ప్రేమే, కాదనను. ప్రేమ ఉంటే అడగకూడదని ఎక్కడుంది?

పిల్లలు పుట్టలేదు. రెండువేల సంవత్సరం దాటిపోయింది, నా వయసూ దాటిపోయింది. అప్పుడొకసారి మా ఆయన అక్క, నా వదిన, మమ్మల్ని చూడ్డానికి కోవిల్‌పట్టి వచ్చింది. వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ, పాత సంగతులన్నీ తిరగేసి, "ఆ రోజు డాక్టర్ దగ్గర వాడి మీద అంత యాగీ చేశావట. చివరికి ఏం ఒరిగింది చెప్పు?" అంది.

చిక్కుడుకాయల పళ్ళెం ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"ఏమీ ఒరగలేదు వదినా. నెల తప్పుతుందేమోనని ఏళ్ళ తరబడి ఆశ పడ్డాను. ఒక్కో నెలా ఏడ్చాను. ఇక రాదని నాకు నేనే తెలుసుకున్నాను. ఆ ఆశ కూడా నన్నడక్కుండా కోసి పారేద్దామనుకున్నాడు మీ తమ్ముడు."